ఖాళీ ఒర

"ఈ మేకుకు తడిగుడ్డ తగిలించింది ఎవరే?" లుత్ఫియా కేక వంటింటి దాకా వినిపించింది.

మెంతిపిండి నురగ వచ్చేలా గిలక్కొడుతున్న కోడలు తఖియ్యా చేయి ఆపలేదు. "నేనే అత్తయ్యా. ఇంట్లో ఇంకో మేకు ఉంటే చూపించండి, దానికే ఆరేస్తా."

"మీ మామయ్య ఒర తగిలించే మేకు అది!"

"కత్తి లేని ఒరేగా! తడిస్తే తుప్పు పడుతుందా?"

ఆ మాట విన్న మామగారు ముక్బిల్ తనలో తాను నవ్వుకుని, ఒరను తుడిచి నడుముకు కట్టుకున్నాడు. సనా నగరంలో నడుముకు కత్తి లేని పెద్దమనిషి ఉండడు. అంతర్యుద్ధం నాటి నుంచీ ఆయన ఒర మాత్రం ఖాళీ. అప్పట్లో సొంతూరి బావిని కాపాడినందుకు ప్రభుత్వం ఇచ్చిన సాహస పతకం గుండీల డబ్బాలో పడి ఉంటుంది.

అంతలో కొడుకు ముతహ్హర్ బజారు నుంచి వచ్చి, తేనెరంగు కొమ్ముపిడి ఉన్న కొత్త కత్తిని తండ్రి ముందు పెట్టాడు.

"ఎల్లుండి మీ మనవడి పెళ్లి. ఊరేగింపులో ముందు నడిచేది మీరే. ఇది పెట్టుకోండి నాన్నా."

"నాకొద్దురా."

"పెళ్లికూతురి మేనమామ నలుగురిలో ఏమన్నాడో తెలుసా? 'మీ నాన్న కత్తి అమ్ముకున్నాడా, పారిపోతూ పారేసుకున్నాడా?' అని. అందరూ నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజం చెప్పండి, పారేసుకున్నారా?"

ముక్బిల్ కత్తిని కొడుకు వైపు జరిపాడు. చేతికర్ర అందుకుని, నమాజుకని మసీదుకు వెళ్లిపోయాడు.

లుత్ఫియా కూలబడింది. "ఎంత మాటన్నావురా! చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు గాని, ఇక దాచలేను. అప్పుడు మనం పల్లెలో ఉండేవాళ్లం. ఊరి బావి ప్రభుత్వం వైపున్న మనవాళ్ల చేతిలో ఉంది. లోయ అవతలి ఊరు గద్దె పోయిన పాత రాజు ఇమాము పక్షం. వాళ్ల పిల్లలు, గాయపడ్డవాళ్లు దాహంతో ప్రాణాలు వదులుతున్నారు. నీళ్లకొచ్చినవాడు తిరిగి వెళ్లేవాడు కాదు. ఒక పొద్దున మీ నాన్న తుపాకి గోడకానించి ఒంటరిగా లోయలోకి దిగారు. నిన్ను చంకనేసుకుని మిద్దె మీంచి చూస్తున్నా. వాళ్ల పెద్ద చేతిలో తన కత్తి పెట్టి, 'ఇది మీ ఇంట ఉన్నంతకాలం ఈ బావి దగ్గర మా తుపాకి పేలదు' అన్నారట. వెనక్కొచ్చి బావిగట్టెక్కి నిలబడ్డారు. రెండువైపులా తుపాకులే, మధ్యలో ఆయనొక్కరే. వాళ్ల ఆడవాళ్లు బిందెలతో వస్తున్నారు, పోతున్నారు. పొద్దుగుంకేదాకా ఆయన గట్టు దిగలేదు."

వంటింటి గుమ్మంలో తఖియ్యా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"పతకం దానికేనా?" అడిగాడు ముతహ్హర్.

"బావిని కాపాడినందుకే. ఎలా కాపాడారో ఎవరూ అడగలేదు."

"యుద్ధం ఎప్పుడో అయిపోయిందిగా. కత్తి తెచ్చుకోవచ్చుగా అమ్మా!"

"అడిగి తెచ్చుకుంటే మాట వెనక్కి తీసుకున్నట్టే. రెండూళ్లూ ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతున్నాయిరా. ఇంకో కత్తి కడితే, ఆ మాట తీరిపోయిందని వాళ్లు భయపడరూ?"

"నాకైనా చెప్పాల్సింది."

"దాహంతో ఉన్నవాళ్లకు నీళ్లిచ్చామని చాటుకుంటే, తాగినవాళ్లకు తలవంపులు కాదూ?"

చిన్నప్పటి నుంచీ రోజూ చూస్తున్న ఆ ఖాళీ ఒర ముతహ్హర్ కళ్లముందు కొండంత ఎత్తున నిలిచింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. రాతిగిన్నెలో మాంసం పులుసు కుతకుతమంటోంది. ముక్బిల్ ఏమీ జరగనట్టే రొట్టె తుంచాడు. ముతహ్హర్ తన నడుము నుంచి కత్తి దూసి తల్లి ఒడిలో పెట్టాడు.

"కొత్త కత్తి కొట్లో తిరిగిచ్చేస్తాను. ఎల్లుండి నాన్న పక్కన నేనూ ఖాళీ ఒరతోనే నడుస్తాను. ఆయన తర్వాత ఆ మాట నాది."

"జనం నవ్వుతార్రా," అన్నాడు ముక్బిల్.

"నవ్వనివ్వండి. ఎందుకని అడిగితే నేనూ చెప్పను."

తఖియ్యా కొంగుతో కళ్లొత్తుకుని, మామగారి గిన్నెలో మెంతినురగ వడ్డించింది.

"అత్తయ్యా, ఆ మేకు పక్కనే ఇంకో మేకు కొట్టించాలి."