ఎర్ర చుక్క కంచం

పొద్దున ఏడు గంటలైంది. పరాయి రాష్ట్రంలోని మిల్లుల వాడ వడోద్‌లో, వాళ్లు వలస వచ్చి ఉంటున్న ఆ రెండు గదుల ఇంట్లో చాయ్ మరుగుతోంది. బయట జూలై వాన. భాగీరథి స్టూలెక్కి అటక మీది నుంచి ఒక స్టీలు కంచం దించింది. దాని అంచున గోళ్ల రంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఇంకా చెరగలేదు. మొన్న ఏప్రిల్‌లో భర్త రాజనర్సుకు కరోనా సోకినప్పుడు, ఆయన కంచం మిగతావాటితో కలవకుండా ఆమే పెట్టిన గుర్తు అది.

ఇప్పుడు అందులో ఉప్మా వడ్డించి, నిండు గర్భిణి అయిన కోడలు ప్రవల్లిక ముందుకు జరిపింది.

"నాకు కరోనా లేదు గదా అత్తమ్మా."

"నీకున్నది గూడ వైరసే అన్నరు గదా బిడ్డా. ఏ వైరసైతేంది, కంచం యేరు, గిలాస యేరు."

రెండు రోజుల కిందట ఆసుపత్రి పరీక్షల్లో ప్రవల్లికకు హెపటైటిస్ బి ఉందని తేలింది. కాలేయానికి పట్టే జబ్బు. ఇంటిల్లిపాదీ పరీక్షకు రక్తం ఇవ్వాలంటే ఇచ్చి వచ్చారు. డాక్టరు ఇంకా ఏమేమో చెప్పింది గాని, 'వైరస్' అన్న మాట పడ్డాక భాగీరథి చెవికి మరేదీ ఎక్కలేదు.

ప్రవల్లిక రెండు ముద్దలు తిని లేచింది. ఆసుపత్రికి బట్టలు సర్దుకుందామని మంచం కింది సంచి లాగితే, అందులో పాలపొడి డబ్బా, పాలసీసా, చిన్న చిన్న గుడ్డలు.

"ఇయన్ని ఎక్కడికి అత్తమ్మా?"

"సచిన్‌కు, మా చెల్లె ఉండే ఊరికి. బిడ్డ పుట్టంగనే మా చెల్లె చిన్నవ్వ తీస్కపోతది. ఆర్నెల్లు సాకుతది."

మిల్లుకు బయలుదేరుతున్న బాలు ఒక కాలికి బూటుతో గడపలోనే ఆగిపోయాడు. "అమ్మా, గిదెప్పుడు అనుకున్నవ్? నాకు గూడ చెప్పలే."

"చెప్తే నువ్వు పెండ్లాం దిక్కే సూస్తవ్."

"పక్కింటి భాభీ దిక్కు సూస్తే తంతవ్ గద."

ఎవరూ నవ్వలేదు.

"నా బిడ్డకు నా పాలు గూడ పట్టనియ్యవా?" అంది ప్రవల్లిక.

"పోయినేడు లాక్‌డౌన్ల మా అమ్మ పోతే, పాడె లేసుడు ఫోన్ల సూసిన," అంది భాగీరథి. "నడుమల సిగ్నల్ పోయింది. మల్ల వచ్చేసరికి వాకిట్ల ఎవ్వలు లేరు. ఇంక ఒక్కల్ని గూడ పోగొట్టుకునుడు నాతోని కాదు."

"పోతదన్న భయానికి నువ్వే ఎడబాపుతున్నవ్ గదా..."

ఆ మాట పూర్తి కాకుండానే ప్రవల్లిక గోడ పట్టుకుని వంగిపోయింది. బాలు ఒంటి బూటుతోనే ఆటో కోసం వానలోకి పరుగెత్తాడు. దారిలో పాండేసరా దగ్గర నీళ్లు నిలిచి ఆటో మొరాయించింది. బాలు దిగి తోశాడు. లోపల భాగీరథి ఒక చేత్తో, ఎర్ర చుక్క కంచం కూడా వేసి తెచ్చిన సంచినీ మరో చేత్తో కోడలినీ పట్టుకుని, ఇద్దరు దేవుళ్లకు మొక్కుతూనే డ్రైవరును తిడుతోంది.

కరోనా నిబంధనల వల్ల ఆసుపత్రిలోకి తోడుగా ఒక్కరినే రానిచ్చారు. భాగీరథి వెళ్లింది. పన్నెండున్నరకు ఆడపిల్ల పుట్టింది.

ఇంకో అరగంటకు డాక్టర్ శ్రీప్రియ బయటికొచ్చింది. తెలుగావిడే.

"బిడ్డను ఇయ్యుండ్రి డాక్టరమ్మా. మా చెల్లె గేటు కాడికొచ్చింది."

"తల్లి దగ్గర్నుంచి ఎందుకమ్మా పంపడం? పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు టీకా పడాలి. ఇప్పుడే వేశాను, దానికి తోడు ఇంకో సూది కూడా. మిగతా డోసులు వేళకు వేయించండి. తల్లి పాలు హాయిగా పట్టొచ్చు. ఇది కంచాల వల్ల రాదు. రక్తం వల్ల వస్తుంది, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తుంది." ఆమె భాగీరథిని పక్కకు తీసుకెళ్లింది. "మీ ఇంటి రిపోర్టులు వచ్చాయి. మీ ఆయనకీ అబ్బాయికీ లేదు. వాళ్లకు టీకాలు వేద్దాం. మీకు మాత్రం ఉందమ్మా."

"నాకా? నాకు నొప్పి లేదు, జొరం లేదు."

"నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. చాలామందికి తెలియనే తెలియదు. మందులున్నాయి, భయపడకండి."

ఒకరికి వాడిన సూది. భాగీరథి చూపు తన ముంజేతి పచ్చబొట్టు మీద పడింది. బాలు పెళ్లైన కొత్తలో, పచ్చబొట్టు లేని కోడలి చేతి నీళ్లు పెద్దలు ముట్టరని పట్టుబట్టి ప్రవల్లికను ఆదివారం సంతకు తీసుకెళ్లింది. కోడలు జంకితే, "ముందుగాల నేను పొడిపిచ్చుకుంట, సూడు" అని చెయ్యి చాచి, వెలిసిపోయిన తన పాత బొట్టు దిద్దించుకుంది. పొడిచే ముసలామె ఆ సూదినే గుడ్డతో తుడిచి ప్రవల్లిక చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం బాలు గేటు దగ్గర క్యారియరూ ఒక కంచమూ ఇచ్చి పంపాడు. భాగీరథి కోడలికి మామూలు కంచంలో అన్నం పెట్టి, సంచిలోని ఎర్ర చుక్క కంచం తీసుకుని దూరంగా తలుపు దగ్గర కూర్చుంది.

"అది నాది గదా అత్తమ్మా," అంది ప్రవల్లిక, ఒడిలో బిడ్డకు పాలిస్తూ.

"ఇప్పుడు నాది. నాకు గూడ ఉన్నదట." భాగీరథి తల ఎత్తలేదు. "సంతల ముందుగాల సూది నాకే పొడిసింది బిడ్డా. నేనే నీకు అంటిచ్చిన."

ప్రవల్లిక కొంగు అందుకుంది. కళ్లు తుడుచుకుంది.

"పుట్టినప్పుడే మా అమ్మ నుంచి గూడ వచ్చి ఉండొచ్చు, ఎవలికెరుక. కోపం లేదని మాత్రం అనను. పొద్దుగాల ఆ కంచం సూసి సచ్చిపోదామనిపిచ్చింది." తలుపు వైపు చూసి, "గంత దూరం కూసుంటే నాకు ముద్ద ఎవలు పెట్టాలె? నా చేతులు ఖాళీ లేవు," అంది.

భాగీరథి లేచి వచ్చింది. తన కంచంలోని పప్పన్నం ముద్ద చేసి కోడలి నోట్లో పెట్టింది. పెట్టిన చేయి వెనక్కు తీసుకోవడం మరిచి ఏడ్చింది.

"ఇంకో ముద్ద పెట్టు. మల్ల ఇంకో మాట," అంది ప్రవల్లిక. "నీ మన్మరాలి కాడ మాత్రం పచ్చబొట్టు మాట ఎత్తకు."

"ఎత్త. దానికి పడేది టీకా సూదులే."

గేటు దగ్గరినుంచి చిన్నవ్వ ఫోను చేసింది. "ఇంటికి పో చెల్లె," అంది భాగీరథి. "ఇక్కడ తల్లి పాలిస్తున్నది."