మిల్లు మలుపులో ఏడుపు

కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్తుంటే కాలవ పక్కన ఒక పాత బియ్యం మిల్లు ఉంది. పొద్దుగూకాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు.

అక్కడ ఒక ఆడమనిషి ఏడుస్తుందట.

ఏడుపంటే వెక్కి వెక్కి ఏడవడం కాదు. గొంతు చించుకుని కీ...చుమని ఒకటే అరుపు. ఎక్కడో దూరంగా కాదు, బండి పక్కనే, మన చెవి పక్కనే! మిల్లు దాటాక కూడా కొంచెం దూరం వెంట వచ్చి, అప్పుడు ఆగుతుంది. దానికి తోడు కల్వర్టు గోడ మీద రోజుకో నిమ్మకాయ... కోసి, కుంకుమ అద్ది పెట్టి ఉంటుంది. పెట్టేదెవరో చూసినవాళ్ళు లేరు.

ఈ సంగతులన్నీ బెజవాడలో మా వీధికి మోసుకొచ్చింది దుర్గాప్రసాద్. సొంత కారు బాడుగకి తిప్పుతాడు. ఇక్కడ బ్యాంకులో పనిచేసే ఒక ఆఫీసరు గారిని రోజూ సాయంత్రం ఉయ్యూరులో వాళ్ళింటి దగ్గర దింపి వస్తాడు.

"వానాకాలం అయితే అది మిల్లు దగ్గర ఆగదక్కా, బెంజి సర్కిల్ దాకా నాతోనే వస్తుంది" అనేవాడు నాతో. అది విన్న రాత్రి పెరట్లోకి వెళ్ళాలన్నా మా ఆయన్ని లేపేదాన్ని.

ఇక అసలు జరిగింది చెప్తాను. నాకు చెప్పింది మా పక్కింటి శాంతకుమారి గారు. ఆవిడ టీచరు, లేనిది కల్పించే మనిషి కాదు.

వాళ్ళమ్మాయి అక్షయ చిన్నప్పటి నుంచీ డాన్సు నేర్చుకుంటోంది. ఏకంగా కూచిపూడి ఊళ్ళోనే మొదటిసారి స్టేజి ఎక్కే అవకాశం వచ్చింది. పేర్లు వరసగా పిలుస్తారు. పిలిచినప్పుడు లేకపోతే తర్వాతి వాళ్ళని ఎక్కించేస్తారు, మళ్ళీ వచ్చే ఏడాదే. ఆ రోజే గవర్నర్‌పేటలో మేకప్ అతను ఆలస్యం చేశాడు. నగలు, పూలజడ, కాళ్ళకి గజ్జెలు, అన్నిటితో పిల్లని అలాగే దుర్గాప్రసాద్ కారెక్కించుకుని బయల్దేరారు. కంకిపాడు దాటేసరికి చీకటి పడింది.

"మిల్లు వస్తోంది మేడమ్... అద్దాలు ఎక్కించుకోండి." దుర్గాప్రసాద్ గొంతు గుసగుసలోకి దిగింది.

"దెయ్యానికి అద్దాలు అడ్డమా అంకుల్?" అంది అక్షయ.

"నవ్వకమ్మా... వింటుంది."

ఆ మలుపులో కాలవ ఊటకి ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి. కారు అందులోకి దిగింది. నీళ్ళు ఎగిరిపడ్డాయి. అంతే...

కీ......చ్!

శాంతకుమారి గారు కూతుర్ని వాటేసుకున్నారు. దుర్గాప్రసాద్ ఆంజనేయ దండకం అందుకున్నాడు. అరుపు పెరిగింది... ఇంకా పెరిగింది... 

టప్!

సగంలో తెగిపోయింది. ఎవరో పీక నొక్కినట్టు.

దుర్గాప్రసాద్ ఎదురుగా, స్టీరింగు వెనక ఎర్ర దీపం ఒకటి వెలిగింది. వేడి చూపించే ముల్లు పైకి లేస్తోంది.

"పట్టుకుంది మేడమ్... స్టీరింగు పట్టుకుంది... తిరగట్లేదు!"

ఎలాగో పక్కకి లాగి ఇంజను ఆపేశాడు. కప్పల బెకబెక తప్ప ఇంకే చప్పుడూ లేదు. లైటు వెలుగులో కల్వర్టు మీద నిమ్మకాయ... తాజాగా, తడిగా.

"మా అమ్మాయి పేరు పిలిచేస్తారు" అన్నారు శాంతకుమారి గారు. ఆవిడ భయమంతా అదే.

అక్షయ తలుపు తీసి దిగిపోయింది. "ఇంకో బండిని ఆపుతానమ్మా." ఘల్లు... ఘల్లు...

అప్పుడు మిల్లు గేటు కిర్రుమంది.

లోపలి నుంచి ఒక ఆకారం వస్తోంది. తెల్లగా. బట్టలే కాదు... జుట్టు తెలుపు, మొహం తెలుపు, కనురెప్పలు కూడా తెలుపు! చేతిలో కర్ర. రెండో చేతిలో టార్చి వెలిగింది. ఆ వెలుగు సూటిగా అక్షయ మొహం మీద పడింది. చెవుల దాకా కాటుక, ఎర్రటి పెదాలు, తల నిండా నగలు.

ముందు అరిచింది ఎవరో శాంతకుమారి గారు ఇప్పటికీ చెప్పలేరు.

"తల్లీ! రోజూ నిమ్మకాయ పెడుతూనే ఉన్నా కదమ్మా! ఇవాళ కూడా పెట్టా!" అంటూ ఆ తెల్ల ఆకారం రోడ్డు మీద చతికిలబడింది.

అక్షయ వంగి చూసింది. "తాతా... నువ్వు దెయ్యానివా?"

"వాచ్‌మన్నమ్మా. వెంకటప్పయ్యని. మరి... నువ్వు?"

"అక్షయని. డాన్సుకి వెళ్తున్నా."

మిల్లు మూతపడినా అందులో తవుడు బస్తాలు నిలవ చేస్తున్నారట. బస్తాలు సర్ది సర్ది ముసలాయన నెత్తి నుంచి కాళ్ళ దాకా తవుడు.

"రోజూ దీపాల వేళకి ఈ రోడ్డు మీద ఒకటి ఏడుస్తూ పోతుంది బాబూ. చూసే ధైర్యం లేక గేటు వేసుకుంటా. దానికే నిమ్మకాయ" అన్నాడు.

"రోజూనా?" అన్నాడు దుర్గాప్రసాద్.

"రోజూ. ఆదివారం మాత్రం రాదు."

ఆదివారం బ్యాంకు లేదు. దుర్గాప్రసాద్ కారు తీయడు.

గబగబా వెళ్ళి బానెట్ ఎత్తాడు. ఇంజను ముందు తిరిగే బెల్టు పీలికలై వేలాడుతోంది. అతని మొహం చూడాలట అప్పుడు! ఆటోనగర్ మెకానిక్కు అబ్రహాము ఎండాకాలంలోనే చెప్పాడట... బెల్టు పగిలింది, వదులైంది, నీళ్ళు తగిలితే జారి అరుస్తుంది, తెగేలోపు మార్చు అని.

"మరి మార్చలేదేం?" శాంతకుమారి గారు హోంవర్కు అడిగినట్టు అడిగారు.

"కొన్నాను మేడమ్... డిక్కీలోనే ఉంది. దసరాకి ఆయుధపూజలో పెడితే మా ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టింది. బొట్టు పెట్టినదాన్ని తీసుకెళ్ళి ఆ మసిలో వెయ్యబుద్ధి కాలేదు... పాతది నడిచినన్నాళ్ళు నడవనీ అని..."

ఎర్రగుడ్డ మూట విప్పాడు. బెల్టు నల్లగా నిగనిగలాడుతోంది. బొట్టు కూడా చెదరలేదు.

"కొత్త చీరలు బీరువాలో దాచి పాతవి కట్టుకునేది మా ఆడవాళ్ళే అనుకున్నా" అన్నారు శాంతకుమారి గారు.

వెంకటప్పయ్య టార్చి పట్టాడు. దుర్గాప్రసాద్ డైనమో బోల్టు వదులు చేసి, పీలికలు లాగేసి, పుల్లీ చక్రాల మీద కొత్త బెల్టు ఎక్కించాడు. బిగువు రావడానికి ముసలాయన కర్రే పనికొచ్చింది. దాన్ని సందులో పెట్టి అక్షయ ఒత్తి పట్టుకుంటే అతను బోల్టు బిగించాడు. బొటనవేలితో బెల్టు నొక్కి చూశాడు. తాళం తిప్పాడు... ఎర్ర దీపం ఆరిపోయింది!

ముసలాయన గేటుకి తాళం వేసి తనూ ఎక్కేశాడు. "ఇవాళ ఒక్కణ్ణే ఉండలేను తల్లీ."

వీళ్ళు వెళ్ళేసరికి మైకులో అక్షయ పేరు రెండోసారి పిలుస్తున్నారు. చేతులకి మసి, పూలజడకి తవుడు... తుడుచుకునే తీరిక కూడా లేదు, అలాగే ఎక్కేసింది. ఎంత బాగా ఆడిందంటే, వాళ్ళమ్మ ఏడ్చేశారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మాత్రం వెంకటప్పయ్య. ఆ చప్పట్లకి తవుడు పొగలా లేచిందట.

తిరుగు దారిలో మలుపు వచ్చింది. నీళ్ళు ఎగిరిపడ్డాయి. చిన్న చప్పుడు కూడా లేదు.

"దిగు తాతా, మిల్లు వచ్చింది" అన్నాడు దుర్గాప్రసాద్.

ముసలాయన దిగడు.

"నువ్వు వినేది నా బెల్టే కదా తాతా, ఇంకా భయమెందుకు?"

"ఏడ్చుకుంటూ పోయేటప్పుడు ఎటు పోతోందో తెలిసేది బాబూ. ఇక నుంచి చప్పుడు లేకుండా వస్తే... నువ్వో, ఇంకోటో నాకెట్లా తెలుస్తుంది?"

చివరికి ఒప్పందం కుదిరింది. రోజూ మలుపులో దుర్గాప్రసాద్ రెండుసార్లు హారను కొట్టాలి. అది విని ముసలాయన నిశ్చింతగా గేటు వేసుకుంటాడు. నిమ్మకాయలు మానేశాడు.

పోయిన వారం దుర్గాప్రసాద్‌కి జ్వరం వచ్చింది. ఆఫీసరు గారు బస్సులో వెళ్ళారు. కారు ఆ రాత్రంతా మా ఇంటి ఎదురుగానే ఉంది, దాని మీద మా పిల్లి పడుకుని ఉంటే నేనే అదిలించాను.

మర్నాడు మలుపులో వెంకటప్పయ్య కారుకి ఎదురొచ్చి, నవ్వుతూ అడిగాడట.

"నిన్న అంత పొద్దుపోయి వచ్చావేం బాబూ? హారను కూడా... మరీ మెల్లిగా కొట్టావు?"

ఇప్పుడు కల్వర్టు మీద మళ్ళీ రోజుకో నిమ్మకాయ కనిపిస్తోంది. ఈసారి పెట్టేది దుర్గాప్రసాద్.