ఫిర్యాదులు లేవు

"ఉస్తిమ్ గారూ!... ఉస్తిమ్ గారూ!... ఇక్కడ ఉస్తిమ్ అనే మహారాజు ఎవరైనా ఉన్నారా?"

కిటికీ పక్క కుర్చీలోని మనిషి కదల్లేదు. నీజిన్ రైల్వే స్టేషన్ మీద కురుస్తున్న మార్చి వానను తీరిగ్గా చూస్తున్నాడు.

యారిన డెస్క్ వదిలి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "మూడుసార్లు పిలిచాను. పల్లకీ పంపమంటారా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "ఎడమ చెవి వినపడదండీ. మీరు అటు పక్కనుంచి పిలిచారు."

యారిన చెంపలు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. "అయితే కుడి పక్కకి రండి. బాకీ ఉన్న తిట్లు అక్కడ తిడతాను."

అది మాజీ సైనికులకు కాగితాలు రాసిపెట్టే ఆఫీసు. ఉస్తిమ్ తెచ్చిన ఫైలు పల్చగా ఉంది. యుద్ధానికి ముందు అతను రైలింజనులో డ్రైవర్ అసిస్టెంటు. ఫిరంగి గుండు పక్కనే పేలి ఒక చెవి పోయింది. కుడిచేయి వణుకుతోంది. వైకల్యం గ్రూపు ఇవ్వమని అడిగితే డాక్టర్ల కమిషన్ కుదరదంది. మళ్లీ అడగడానికి నెల గడువుంది. మూడు గ్రూపుల్లో ఏదో ఒకటి రాకపోతే పెన్షన్ లేదు, చికిత్సకు వంతు రాదు. ఈ చెవితో, ఈ చేత్తో ఇంజనెక్కనివ్వరు. వేరే పనీ ఇవ్వరు.

యారిన కమిషన్ కాగితం చదివి తలెత్తింది. "ఫిర్యాదులు లేవు అని రాశారు."

"అవును."

"ఫిర్యాదులే లేనివాళ్లు ఇక్కడికెందుకొచ్చారు? నా మొహం చూసిపోదామనా?"

"మీ మొహం ఎలా ఉంటుందో ముందు తెలియదు కదండీ."

ఆమె నవ్వు ఆపుకుంది. "డాక్టరమ్మ ఏమడిగింది?"

"ఎలా ఉన్నావు బాబూ అంది. బాగున్నానన్నాను."

"ఎందుకు?"

"మూడేళ్లు వైర్‌లెస్‌లో అదే చెప్పాం. ఎలా ఉన్నారంటే, అంతా ప్రశాంతం. పైకప్పు మంటల్లో ఉన్నా అదే మాట. పైగా ఆవిడ మా అమ్మ వయసు. ఊరికే బాధపెట్టడం ఎందుకని..."

"ఏ బట్టలేసుకెళ్లారు?"

"ఎంబ్రాయిడరీ చొక్కా. పెద్దవాళ్ల ముందుకు వెళ్లేటప్పుడు ఎలా పడితే అలా వెళ్తామా?"

"పెళ్లికొడుకులా వెళ్తే ఎవరికి జాలేస్తుందండీ?" యారిన కలం కింద పెట్టింది. "ఎక్స్‌రేలో వణుకు కనపడదు. మిమ్మల్ని రోజూ చూసేవాళ్లెవరైనా ఒక ఉత్తరం రాస్తే బలం ఉంటుంది. ఇంట్లో ఎవరున్నారు?"

ఉస్తిమ్ వాన వైపు చూశాడు. అతను యుద్ధరంగంలో ఉండగానే తల్లి పోయింది. సెలవు దొరికేసరికి నలభయ్యో రోజు ప్రార్థన కూడా అయిపోయింది.

"రేడియో ఉంది," అన్నాడు.

పక్కింటి హాప్కా బామ్మను అడిగి చూశాడు. ఆవిడ లెంపలేసుకుంది. "ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాల్లో నాచేత అబద్ధం రాయిస్తావా నాయనా? ఎప్పుడు పలకరించినా బాగున్నానంటావు. వెనకనుంచి పిలిస్తే పలకవు, అది పొగరనుకున్నాను. పొగరుకి పెన్షన్ ఇస్తారేమిటి?"

అతను తిరిగొచ్చి ఆ మాట యారినకు చెప్పాడు. ఆమె ఫైలు తీసుకెళ్లి పక్క బల్ల ఆయన ముందు పెట్టింది.

"ఇకనుంచి మీ కాగితాలు ఈయన చూస్తారు. ఈ డెస్క్ దగ్గర కూర్చుని నేను సాక్ష్యం రాస్తే ఎవరూ నమ్మరు. ఆదివారం చర్చి అయ్యాక మీ ఇంటికొస్తాను. నేను చూడనిది రాయను. కాబట్టి చూడాలి."

మొదటి ఆదివారం ఆమె నోట్‌బుక్కుతో బల్ల దగ్గర కూర్చుంది. ఉస్తిమ్ అతిథికి మర్యాదలు చేస్తూ అటూ ఇటూ తిరిగాడు. కెటిల్ ఈల వేస్తూనే ఉంది. అతను కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆమె లేచి పొయ్యి ఆపింది.

"ఎందుకాపారు? ఇంకా మరగలేదుగా?"

ఆమె నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

రెండో ఆదివారం సైరన్ మోగితే ఇద్దరూ మెట్ల కింద గోడకు ఆనుకుని కూర్చున్నారు. తల్లీ, అక్కా పోలండ్‌లో ఉన్నారని అప్పుడే చెప్పింది యారిన.

"మీరు వెళ్లలేదేం?"

"మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?" లేచి అతని ఎడమ పక్కకు మారి గొంతు తగ్గించింది. "ఆదివారాలు బల్ల మీద రెండు ప్లేట్లు పెడతాను. తిన్నాక రెండూ కడుగుతాను. ఒకటి శుభ్రంగానే ఉంటుంది."

ఆమె కావాలనే అతని ఎడమ పక్కన కూర్చుని ఆ మాట చెప్పింది. అతనికి వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం చూశాడు. ఏమన్నారని అడగడానికి మొహమాటపడ్డాడు. దేవుడు ఒక చెవి తీసుకుని ఒకటి ఉంచాడు. ఏ మాట ఏ పక్కన చెప్పాలో మనుషులకు ఎందుకు నేర్పలేదో ఆయనకే తెలియాలి.

మూడో ఆదివారం ఇద్దరూ వరేనికీ చేశారు. పిండి బిళ్లలో బంగాళదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కి మూయాలి. ఆమె వేళ్లు చకచకా నడిచాయి. అతని వేళ్లు వణికాయి. మరిగే నీళ్లలో పడగానే అతను చేసినవన్నీ నోళ్లు తెరిచాయి. గిన్నె నిండా ముద్ద తేలింది.

యారినకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నోట్‌బుక్కు తీసింది.

"అది కూడా రాస్తారా?" ఉస్తిమ్ గొంతు మారింది. "నా వరేనికీ విడిపోతే సర్కారుకి చెప్పాలా?"

"చెప్పాలి. నేను నవ్వింది వాటిని చూసి, మిమ్మల్ని..."

"మా అమ్మ పక్కన కూర్చుని పండక్కి రెండొందలు చేసేవాణ్ని. ఇక చూసింది చాలు. వెళ్లండి."

ఆమె కోటు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అతను వెనక్కి పిలవలేదు.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఉస్తిమ్ రేడియో పెట్టాడు, కట్టేశాడు. దేవుడి పటం ముందు దీపం వెలిగించి ఏమడగాలో తెలియక ఊరికే నిలబడ్డాడు. చెయ్యి బాగవ్వాలని అడగొచ్చు. తలుపు చప్పుడవ్వాలని అడగడం తప్పేమో అనిపించింది.

కమిషన్ రోజు ఉత్తరం లేకుండానే వెళ్లాడు. పాత స్వెట్టరే వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడం ఎలాగూ యుద్ధమే. ముగ్గురు డాక్టర్లున్నారు. మధ్యలో అదే పెద్దావిడ.

"ఎలా ఉన్నావు బాబూ?"

"బా..." అని ఆగిపోయాడు. ఆవిడ ఎదురుచూసింది. "బాగాలేదండీ. పిలిస్తే వినపడదు. చెంచా నిలవదు. నా కోసం వచ్చిన ఒక్క మనిషినీ తిట్టి పంపించాను."

ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఆ చివరిది మా శాఖ కాదు. మూడోసారి తలుపు తడుతున్న ఈ అమ్మాయి ఎవరు?"

ఉస్తిమ్ తిరిగి చూశాడు. గుమ్మంలో తడిసిన కోటుతో యారిన.

"ఇవాళ సెలవు పెట్టాను," అంది ఆమె, అతనితో కాదు, డాక్టర్లతో. ఉత్తరం, దానికి జతచేసిన ఫారం బల్ల మీద పెట్టింది.

పెద్దావిడ పైకే చదివింది. "కెటిల్ ఈల లాంటి సన్నని చప్పుడు కుడి చెవికీ వినపడదు. రొట్టె ఎడమచేత్తో కోస్తాడు, అందుకే కుడిచేతి వేళ్లకు కోతలున్నాయి. వరేనికీ అంచులు మూయలేడు. మూడు ఆదివారాల్లో బాగున్నానని నాతో ఇరవై ఆరుసార్లు చెప్పాడు. ఒక్కసారీ బాగాలేడు." ఆవిడ చదవడం ఆపింది. "సంతకముంది. ఫారంలో సంబంధం అన్న గడి ఖాళీగా ఉందేం? నువ్వీయనకేమవుతావు?"

యారిన నోరు తెరిచేలోగా ఉస్తిమ్ అందుకున్నాడు. "ఏమీ కాదండీ. అవ్వాలని నాకుంది. కానీ అది రాయకండి. పెన్షన్ కోసం అడిగాననుకుంటుంది."

కుర్ర డాక్టరు దగ్గు నటించాడు.

"ఇదా అడిగే తీరు?" యారిన అతని వైపు తిరిగింది. "నువ్వు వెనక్కి పిలుస్తావని మెట్ల మీద ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? ఇప్పుడు బీపీ మిషన్ పక్కన అడుగుతావా?"

మొదటిసారి నువ్వు అంది. ఆ సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"అమ్మాయ్," అంది పెద్దావిడ, "బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఏం రాయమంటావు?"

యారిన ఉస్తిమ్ కుడి పక్కకు వచ్చి నిలబడింది. "ఇంటి మనిషి అని రాయండి."

"భార్య, తల్లి, చెల్లెలు అని ఉన్నాయి. అలాంటిది ఈ కాగితంలో లేదు."

"అయితే గడి పక్కన రాయండి."

ఆవిడ పక్కనున్న కాస్త చోటులో సన్నగా ఆ రెండు మాటలూ రాసింది. తర్వాత ఉస్తిమ్ ఫైలులో, రెండో గ్రూపు మంజూరు, అని రాసి ముద్ర కొట్టింది. సిరా ఆరేదాకా యారిన వంగి ఆ రెండు మాటల మీద ఊదింది.