మిరియం నోరు విప్పిన రోజు

క్రీస్తుశకం 2074 నాటికి విశాఖలో కుక్క ఎక్కని ట్రామ్ లేదు. ప్రతి పెట్టెలోనూ రోగుల సీటు పక్కన కుక్కకో మెత్త ఉంటుంది. మూర్ఛ వచ్చే వాళ్లకొకటి, గుండె జబ్బు మనిషికొకటి, షుగర్ ఉన్నవాళ్లకొకటి. యజమాని ఒంట్లో తేడా వస్తే చెమట వాసనలోనే పసిగట్టి, ముట్టెతో మోకాలిని పొడుస్తాయి. వాటికి చేతనైంది అంతవరకే. ఎందుకు పొడిచిందో, ఎంత ప్రమాదమో మనిషే ఊహించుకోవాలి.

ఇక ఆ ఊహలతో పని లేదని భీమిలి శిక్షణాలయంలో సాహితికి ఆ ఉదయం కాళ్లు నేల మీద నిలవడం లేదు. పదిహేనేళ్లుగా కుక్కలకు తర్ఫీదు ఇస్తోంది. ఇవాళ ఆమె వీధిలోంచి తెచ్చి పెంచిన నల్ల కుక్క మిరియం మాట్లాడబోతోంది.

మాట్లాడించే పరికరం పేరు ఘ్రాణవాణి. తయారుచేసింది ఇంజనీర్ మస్తాన్ వలీ. చూడటానికి కుక్క నుదుటికి చుట్టే సన్నటి పట్టీ, మెడకో చిన్న స్పీకరు, అంతే. ముక్కు పట్టిన వాసన మెదడులోని ఘ్రాణకేంద్రానికి, అంటే ఆల్‌ఫాక్టరీ బల్బుకు, చేరగానే పుట్టే సంకేతాలను పట్టీలోని సెన్సర్లు చదువుతాయి. ఆ వాసనకు కుక్క ఏం చేయదలచుకుందో, ఏం చేయకుండా ఆపుకుందో కూడా పట్టుకుంటాయి. వాటికి సరిపోయే మాటను మెడలోని స్పీకరు పలుకుతుంది. నలభై మాటలు కూర్చడానికి వలీకి ఆరేళ్లు పట్టింది.

హాల్లో పంతొమ్మిది మంది శిక్షకులు కూర్చున్నారు. మధ్యలో సింహాద్రి నిలబడ్డాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన ఆయనకు ముప్పై ఏళ్లుగా షుగర్.

మిరియం ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. ఆగింది.

"షుగర్ తగ్గుతోంది. కూర్చో."

"ఒలమ్మో! నాకేటీ తెల్లేదు గదమ్మా!" అంటూ సింహాద్రి కుర్చీలో కూలబడ్డాడు.

వలీ ఆయన వేలికి షుగర్ మీటర్ ఆనించాడు. అరవై ఆరు! ఎవరో బెల్లంముక్క అందించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"మాట్లాడింది మేడమ్!" అని వలీ అరిచాడు.

సాహితి ఒక్క పరుగున వెళ్లి మిరియాన్ని వాటేసుకుంది.

"షుగర్ ఎక్కువ," అంది స్పీకరు. ఒక క్షణం ఆగి, "అమ్మ. చెప్పకూడదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇప్పుడే గదా తగ్గిందన్నాది? మళ్లా ఎక్కువేటి?" అన్నాడు సింహాద్రి.

వలీ సంకేతాలు కనిపించే తెర వైపు చూసి, మెల్లగా తలెత్తాడు. "మీ గురించి కాదండీ. అమ్మ అన్న మాట నేను సాహితి మేడమ్‌కి పెట్టింది."

సాహితికి పాత పరీక్షలు గుర్తొచ్చాయి. పరీక్షల్లో రోగి పక్కన ఒక ఆరోగ్యవంతుణ్ణి నిలబెట్టడం రివాజు. ఆ ఆరోగ్యవంతురాలు ఎప్పుడూ తనే. మూడు నెలల కిందట మిరియం రోగిని వదిలి తన మోకాలిని పొడవడం మొదలుపెట్టింది. పొడిచినప్పుడల్లా తను కసిరింది, బిస్కెట్టు ఇవ్వలేదు. చివరికి చెప్పకూడదని నేర్చుకుని అది మానేసింది. తన కుక్కకు ఇక పొరపాట్లే లేవని అందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా. మరి ఈ మధ్య తీరని దాహం, నీరసం? పని ఒత్తిడి అని సరిపెట్టుకుంది.

"మీటర్ ఇలా ఇవ్వండి."

మూడు వందల పన్నెండు.

ఆమె ఆ అంకెనే రెండుసార్లు చదివింది. సింహాద్రి లేచి వచ్చాడు. "భయపడకమ్మా. ముప్పై ఏళ్లనుంచి దీంతోనే బతికీసేను. తెలీకపోతేనే ముప్పు. తెలిసిపోనాది గదా!"

ఆ మాటతో తేరుకుంది. తేరుకున్న వెంటనే అసలు సంగతి తట్టి ఒళ్లు పులకరించింది.

"వలీ గారూ, ఈ పట్టీ కుక్కకు తెలిసిందే కాదు, మనం నోరు నొక్కి చెప్పనివ్వనిది కూడా చెప్తోంది! మిగతా శిక్షకుల కుక్కలకీ కడదాం. ఇప్పుడే!"

ఒకే తర్ఫీదు పొందిన కుక్కలు కాబట్టి అవే మాటలు వాటికీ పనికొచ్చాయి. ఆ పట్టీనే ఒక్కొక్కదానికీ కట్టి చూస్తే, మధ్యాహ్న భోజనాల వేళకు పంతొమ్మిదీ అయ్యాయి. పదిహేను ఏమీ అనలేదు. నాలుగు మాత్రం తమ శిక్షకుల ముందు నిలబడి అవే మాటలు అన్నాయి: షుగర్ ఎక్కువ. చెప్పకూడదు.

ముగ్గురు గబగబా మీటర్ కోసం చెయ్యి చాపారు. నాలుగో మనిషి, అందరికంటే పెద్దవాడు, రాజారత్నం. సాహితికి పని నేర్పింది ఆయనే. ఆయన తన కుక్క వైపు చూస్తూ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మా బుజ్జి ఇంకా చిన్నదమ్మా. పొరపాటు పడుంటుంది."

"నేనూ మూడు నెలలు అదే అనుకున్నాను మాస్టారూ. చెయ్యి ఇవ్వండి."

చివరికి ఆయన కుడిచెయ్యి ముందుకు వచ్చింది, సాహితి వేలికి మీటర్ ఆనించింది. ఆయన ముఖం మాత్రం కిటికీ వైపు తిప్పుకుని, చిన్న గొంతుతో అడిగాడు.

"ఎంతుందమ్మా?"