ఎనిమిది వందల గ్రాముల రబ్బరు

మార్చి పన్నెండో తారీకు పొద్దున, ఇమోలా ఊళ్లో ఒక చిన్న హోటల్ మూడో అంతస్తులో, గది ఊడ్చడానికి వచ్చిన మనిషి తలుపు తీసి కెవ్వున అరిచింది. మంచం మీద ఒకడు బూట్లతో సహా పడి ఉన్నాడు. మెడ చుట్టూ సన్నటి తీగ గుర్తు. పేరు దొనాతో. రోమ్‌లో గూఢచార శాఖ రికార్డు గదిలో గుమస్తా. కోటు జేబులో రేసు ట్రాక్ లోపలికి వెళ్లే పాసు దొరికింది. దొరకాల్సింది మాత్రం దొరకలేదు.

మధ్యాహ్నానికి ఏజెంట్ ఎర్మెటే జనొల్లి చీఫ్ బ్రగదీన్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"అరచేతంత నోట్‌బుక్," అన్నాడు చీఫ్. "అందులో పదకొండు పేర్లు. అవతలి దేశంలో ఉంటూ మనకి పనిచేసేవాళ్లు. ఒకాయన పళ్ల డాక్టరు. ఒకావిడ ట్రామ్ నడుపుతుంది. కంప్యూటర్‌లో ఉంటే ఎవడైనా లాగేస్తాడని చేత్తో రాసి బీరువాలో దాచాం."

"తాళం దొనాతో చేతికిచ్చారు."

"ఎత్తిపొడుపులు తర్వాత. అది ఇప్పుడు అవతలి దేశం తరఫున పనిచేసే కోబాల్ట్ ముఠా దగ్గరుంది. యూరప్ దాటిందా, వారం తిరక్కుండా పదకొండు మందినీ గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. ఇంకా దాటలేదు. జూనియర్ ఫార్ములా కారు రేసుల జట్లు వసంతం నుంచి అక్టోబరు దాకా దేశాలు తిరుగుతాయి కదా, వాటిలో ఒకదాని సామాన్లో ఉంది. ఏ జట్టో తెలీదు. సీజనంతా వాళ్ల వెంట తిరుగు."

"వేషం?"

చీఫ్ ఒక డబ్బా ముందుకు తోశాడు. అందులో ఒక చెవిటి మెషీన్, సీలు వేసే పటకారు ఒకటి. "కాటా అధికారివి. కార్లు తూచేవాడివి. పైగా చెవుడు. మెషీన్‌లో అన్ని జట్ల రేడియోలూ వినిపిస్తాయి. పటకారు నొక్కినప్పుడల్లా సీలు ఫోటో తీస్తుంది. నిన్నెవరూ పట్టించుకోరు, నిశ్చింతగా ఉండు."

ఆ ఆఖరి మాట ఎంత నిజమో ఎర్మెటేకి ఏప్రిల్లోనే తెలిసివచ్చింది.

పదిహేనేళ్ల, పదిహేడేళ్ల పిల్లలు ఒంటి సీటు కార్లలో ప్రాణాలకు తెగించి దూసుకుపోయే లోకం అది. కారూ డ్రైవరూ కలిపి ఆరువందల అరవై కిలోలకు తగ్గకూడదు. వంద గ్రాములు తగ్గినా గెలుపు రద్దు చేస్తారు. అందుకే కాటా దగ్గర నిలబడేవాణ్ణి చూస్తే పిల్లల తల్లులు కూడా మొహం తిప్పుకుంటారు. అధికారి ఏ జట్టుతోనూ కలిసి తినకూడదని, తాగకూడదని రూలు. అసలే రూలు, ఆపైన చెవుడు. పాసు మీద ఫుల్వియో అని దొంగపేరు ఉంది కానీ ఆ పేరుతో పిలిచిన నాథుడు లేడు. అందరికీ అతను కాటా మాస్టారు.

మిసానో, స్పా, జాండ్‌వోర్ట్, స్పీల్‌బర్గ్. ఊరు మారేది, భోజనం బల్ల మారేది, ఎదుటి కుర్చీ మాత్రం ఖాళీగానే ఉండేది. జూన్‌లో నలభై ఎనిమిదో పుట్టినరోజు వస్తే హైవే పక్క హోటల్లో ఒక కేకు ముక్క తెప్పించుకుని టీవీ ముందు కూర్చుని తిన్నాడు. అన్నిటికంటే ఆదివారం సాయంత్రాలు భరించలేకపోయేవాడు. రేసు అయిన రెండు గంటల్లో డేరాలు దిగిపోయేవి, లారీలు వరసగా వెళ్లిపోయేవి. కాటా విప్పి సర్దేసరికి ఆ మైదానంలో అతనొక్కడే మిగిలేవాడు. వృత్తిలో ఒంటరితనం అలవాటే అనుకుంటాం గానీ, అది అలవాటయ్యేది కాదు. అతనికి నిజంగా ఏడుపొచ్చిన సాయంత్రాలున్నాయి.

మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, ఇల్కే.

బెల్జియం మనిషి. కొర్వెట్టో జట్టు మేనేజరు. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు. ఆమె అటు నడిచి వెళ్తుంటే మెకానిక్కులు పానాలు జారవిడిచేవారు. ఒకప్పుడు కోబాల్ట్ మనిషి, రెండేళ్ల కిందట ఇటు తిరిగి చీఫ్‌కి సమాచారం ఇవ్వడం మొదలుపెట్టింది. తమ కారు కాటా ఎక్కిన ప్రతిసారీ పక్కకొచ్చి నిలబడేది.

"ఈ ఊళ్లో కాఫీ మరీ చేదు మాస్టారూ," అనేది. అది సంకేతం.

"చక్కెర ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను," అనేవాడు ఎర్మెటే.

తర్వాత అయిదు నిమిషాలు కబుర్లు. ఫలానా జట్టు సీట్లు వెతకండి, ఫలానా స్టీరింగు విప్పి చూడండి అని చెప్పేది. ఎప్పుడూ ఏమీ దొరికేది కాదు. అయినా ఆ అయిదు నిమిషాల కోసం అతను రెండేసి వారాలు ఎదురుచూసేవాడు. షర్టు ఇస్త్రీ చేయించుకునేవాడు కూడా.

అక్టోబరులో ఆఖరి రేసులు మోంజాలో. కొర్వెట్టో తరఫున సానా అనే ఫిన్లాండ్ పిల్ల టైటిల్‌కి ఒక్క గెలుపు దూరంలో ఉంది. పదిహేడేళ్లది, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. బరువు చాలక సీటు కింద నాలుగు సీసం దిమ్మలు బిగించారు. ఆదివారం పొద్దున వాటికి సీలు వేసింది ఎర్మెటేనే. ఆ కారుని సముద్రం అవతల ఎవరో కొన్నారు. రేసు కాగానే కార్లన్నీ కంచె లోపల అరగంట ఉండాలి. కాటా అధికారి తప్ప ఎవరూ తాకకూడదు. నాలుగింటికి కంచె తీయగానే సానా కారు నేరుగా పెట్టెలోకి ఎక్కుతుంది, కస్టమ్స్ ముద్ర పడుతుంది. సీజన్ మొత్తంలో యూరప్ దాటే సామాను అదొక్కటే.

మూడున్నరకి సానా గెలిచింది. ఎర్మెటే చెవిలో ఇల్కే గొంతు మోగింది.

"నెగ్గావే బంగారం! టైటిల్ నీదే! ఏడవకు, ఏడవకు. ఇప్పుడు నెమ్మదిగా రా. ట్రాక్ అంచుకి పోనిచ్చి రబ్బరు ఏరుకో. దొరికినంతా ఏరుకో."

"సరే అక్కా."

కారు కాటా ఎక్కింది. అంకె చూసి ఎర్మెటే రాసుకున్నాడు, ఆరువందల అరవై కిలోల మూడువందల గ్రాములు. సానా హెల్మెట్ తీసి ఎవరికో ఇచ్చేసి, జట్టువాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇల్కే పక్కకొచ్చింది.

"కాఫీ చాలా చేదుగా ఉంది మాస్టారూ. నోట్‌బుక్ హెల్మెట్ లోపలి మెత్తలో ఉంది. ఆ బట్టతలాయన పట్టుకుపోయాడు చూడండి, నల్లకారు, కోమో రోడ్డు. త్వరగా!"

ఎర్మెటే ఫోన్లో చీఫ్‌కి చెప్పాడు. గేటు దగ్గర కాపలా ఉన్న నలుగురు ఏజెంట్లూ ఆ నల్లకారు వెంటపడ్డారు. పని అయిపోయింది. రేపీపాటికి ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఎవరున్నారని? ఇల్కే కనపడదు కూడా. ఆ బెంగతోనే కంచె లోపల సానా కారు చుట్టూ ఊరికే ఒకసారి తిరిగాడు.

టైర్ల మీద నల్ల ముక్కలు నువ్వులుండలో నువ్వుల్లా అంటుకుని ఉన్నాయి. రేసులో అరిగిన రబ్బరు పేలికలు ట్రాక్ అంచున పడి ఉంటాయి. కాటాకి భయపడేవాళ్లు వాటి మీదుగా కారు పోనిచ్చి, వేడి టైర్లకు అంటించుకుని బరువు పెంచుకుంటారు. అందరూ చేసే పనే.

కానీ సానాకి భయం దేనికి? నిన్నటి రేసు తర్వాత ఈ కారు తూకం ఆరువందల అరవై ఒకటిన్నర. ఇవాళా అంతే దూరం, అంతే పెట్రోలు. ఈ రబ్బరు ఎంత లేదన్నా ఎనిమిది వందల గ్రాములుంటుంది. అది తీసేస్తే కారు అరకిలో తక్కువ. పొద్దున్నుంచి ఇప్పటికి రెండు కిలోలు ఎక్కడో మాయమయ్యాయి. ఆ సంగతి తెలిసిన మనిషే రబ్బరు ఏరుకోమంది.

ఎర్మెటే పరుగున డ్రైవరు సీటు దగ్గరికి వెళ్లాడు.

టైము మూడు యాభై ఆరు. కంచె అవతల కస్టమ్స్ ఆయన ముద్ర పట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు. ఎర్మెటే సీటు లాగేశాడు. మూడో దిమ్మ సీలు, పటకారు తీసిన ఫోటోలోని సీలు ఒకటి కావు. మరలు విప్పి దిమ్మ ఎత్తాడు. తేలిగ్గా లేచింది.

"మాస్టారూ," అంది కంచె పక్కనుంచి ఇల్కే. కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. "సీలు తెగిందని రాస్తే ఆ పిల్ల టైటిల్ పోతుంది. దానికేమీ తెలీదు. రేసుకి ముందు, అది కారెక్కకముందే గొడుగు అడ్డం పెట్టుకుని దిమ్మ మార్చింది నేను."

"దొనాతోని చంపింది?"

"నేను కాదు. తలుపు తట్టింది మాత్రం నేనే. నా గొంతు విని తీశాడు."

"రెండేళ్లుగా మమ్మల్ని ఆడించావు."

"మీ చీఫ్‌ని ఆడించాను. మిమ్మల్ని..." అంటూ ఆగిపోయింది. "త్వరగా తేల్చండి. మూడు నిమిషాలుంది."

దిమ్మ అడుగున మూత జరిపాడు. దూదిలో పొదిగి అరచేతంత నోట్‌బుక్. ఎక్స్‌రే కూడా దూరలేని సీసం గూడు. పదకొండు పేర్లూ జేబులో వేసుకున్నాడు. ఇక రాయాల్సింది రాయాలి. కలం తీశాడు, ఆమె వైపు చూశాడు.

"నువ్వు రేడియోలో ఆ ఒక్క మాట అనకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు ఇల్కే. పది నిమిషాలు నోరు మూసుకుని ఉంటే తూకం తగ్గి పిల్ల ఓడిపోయేది. కారు ఎలాగూ పెట్టెలో పడేది."

"తెలుసు," అంది ఇల్కే. "పదహారేళ్లప్పుడు నేనూ నడిపాను. నాలుగువందల గ్రాములు తగ్గిందని గెలిచిన కప్పు చేతిలోంచి తీసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ కారు ఇవ్వలేదు. ఆ పిల్ల గెలిచిన సంతోషంతో రేడియోలో అలా ఏడుస్తుంటే ఆగలేకపోయాను. చేతకాని గూఢచారిని, ఏం చేయను."

ఎర్మెటే జేబులోంచి రేసు రూల్సు పుస్తకం తీశాడు. సరిగ్గా అరచేతంతే ఉంది. దాన్ని దూదిలో చుట్టి దిమ్మలో పెట్టి, మూత మూసి, మరలు బిగించి, పటకారుతో కొత్త సీలు నొక్కాడు. నొక్కుతుండగానే నాలుగు గంటల సైరన్ మోగింది.

"అయిందా మాస్టారూ?" అని అరిచాడు కస్టమ్స్ ఆయన, చెవిటివాడు కదా అని గట్టిగా.

"అయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి," అని ఎర్మెటే కాగితం మీద సంతకం చేశాడు. కారు పెట్టెలోకి ఎక్కింది. సముద్రం అవతల కోబాల్ట్ ముఠా పెద్దలు నూట నలభై పేజీల రూల్సు తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇల్కే పారిపోలేదు. "కప్పు ఇవ్వడం చూసి వస్తాను," అంది. ఇద్దరూ గుంపు వెనక పక్కపక్కన నిలబడ్డారు. పావుగంట. సీజన్ మొత్తంలో అంతసేపు అతని పక్కన ఎవరూ నిలబడలేదు. వేదిక మీద సానా కప్పు ఎత్తి పిచ్చిదానిలా గెంతుతోంది.

"ఎంత వచ్చింది?" అని అడిగింది ఇల్కే, అటే చూస్తూ.

"మూడువందల గ్రాములు ఎక్కువ."

ఆమె కళ్లనీళ్లతో నవ్వింది. కోమో రోడ్డు నుంచి ఉత్త హెల్మెట్‌తో తిరిగొచ్చిన నలుగురు ఏజెంట్లూ ఆమెను తీసుకుపోయారు. ఎర్మెటే వెనక్కి వచ్చి కాటా సర్దుతూ కూర్చున్నాడు. డేరాలు దిగిపోతున్నాయి. చెవిటి మెషీన్‌లో రేడియోలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇల్కేకి ముప్పై ఏళ్ల జైలుకి తక్కువ పడదని అతనికి తెలుసు. అన్నీ తెలిసీ ఆమె కోసం బాధపడ్డాడు.

షాంపేన్‌తో తడిసి ముద్దయిన సానా పరిగెత్తుకుంటూ వచ్చింది, తూకం కాగితం మీద డ్రైవరు సంతకం పెట్టడానికి. పెట్టి, తిరిగి ఇచ్చి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమండీ కాటా మాస్టారూ," అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది, "వచ్చే సీజన్ కూడా మీరేనా?"

"కాదమ్మా. నేను వెళ్లిపోతున్నాను."

"అమ్మయ్య! బతికిపోయాం," అనుకుంటూ సానా కప్పు ఊపుకుంటూ పరిగెత్తింది, చెవిటాయనకి వినపడదులే అన్న ధీమాతో.