పూడ్చిన మగ్గం గుంత

గుడియాత్తం మగ్గాల వీధి చివర ఒక పాడుబడిన నేతకొట్టం ఉండేదంట. పొద్దుగూకితే కుక్క కూడా ఆ పక్కకు పోయేది కాదు. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తాదని... కొట్టం సొంతదారు మునిరాజే చెవులారా విన్నానని చెప్పినాడు. తాళమేసి, వాకిలికి వేపమండలు కట్టినాడు.

ఆ మునిరాజ్‌కు రెండో పెళ్లామై పొన్నై నుంచి వచ్చింది భారతమ్మ. మొదటి పెళ్లాం రాజాంబాళ్ ఎవరితోనో కోలారుకు లేచిపోయిందని పెండ్లి మాటల్లోనే చెప్పినారు.

రాజాంబాళ్ కూతురు కాంచన. ఎనిమిదేండ్లది. పిల్ల కాదది — నిప్పు. నాయన దగ్గరికొస్తే చాలు, కరిచేది. ఒకనాడు మగ్గంలో నూలు అటూ ఇటూ తోసే నాడె తీసి ఆయన మొగానికేసి కొట్టింది. ఇనుప మొన తగిలి కనుబొమ్మ చీలింది. ఆయన దాన్ని జుట్టు పట్టి ఈడ్చి, తల స్తంభానికేసి మోదినాడు. భారతమ్మ అడ్డం పడకుంటే చచ్చేదే.

పిల్ల ఏడవలేదు. ఆయన్నే చూస్తా ఉండిపోయింది.

ఆ అమావాస్య రాత్రి భారతమ్మకు మెలకువొచ్చింది. తడిమి చూస్తే — పక్కలో కాంచన లేదు.

లాంతరు పట్టుకొని వీధిలోకొచ్చింది. ఎక్కడా అలికిడి లేదు. వీధి చివర నుంచి మాత్రం... ఠంగ్... ఠంగ్...

చప్పుడు కొట్టంలోనుంచే!

పిల్ల మీది బెంగ ఆమెను నడిపించింది. వెనకగోడ కూలిన సందులోంచి లోపలికి దూరింది. నేసేవాళ్లు కాళ్లు దించుకునే మగ్గం గుంత, ఎప్పుడో పూడ్చేసిన దాంట్లో నిలబడి, తనకంటే పొడుగు గడ్డపారతో కాంచన మట్టి పెళ్లగిస్తా ఉండాది. అరచేతులు చిట్లి నెత్తురు కారతా ఉండాది.

"ఏం చేస్తా ఉండావే?" అనింది భారతమ్మ.

"అమ్మను తీస్తా ఉండా."

లాంతరు కిందికి దించింది. మట్టిలో చీరకొంగు... గాజులున్న చెయ్యెముక... పుర్రె. నడినెత్తిన పిడికిలంత బొక్క!

ఏడ్చే దెయ్యాన్ని ఎవరు పుట్టించినారో, ఎందుకు పుట్టించినారో అప్పుడర్థమైంది ఆమెకు.

వెనక అడుగుల చప్పుడు —

మునిరాజ్. చేతిలో కొడవలి.

"భారతా, నువ్వు ఇంటికి పో," అన్నాడు మెల్లగా. "దీన్ని నేను చూసుకుంటా. దీని తల్లీ ఇంతే మొండిది."

భారతమ్మ కదల్లేదు. ఆయన గుంతలోకి వంగి కాంచన జుట్టు దొరకబుచ్చుకున్నాడు. కొడవలి పైకి లేచింది...

భారతమ్మ గడ్డపార లాక్కొని బలమంతా పెట్టి కొట్టింది. ఆయన మోకాలు పటుక్కుమని విరిగింది. పడినోడు లేవబోతే, చేతి మీద ఇంకో దెబ్బ. ఆ అరుపుకు వీధంతా దీపాలతో పరిగెత్తుకొచ్చింది.

తెల్లారి పోలీసులొచ్చి మునిరాజ్‌ను బండిలో వేలూరుకు తీసుకపోయినారు.

ఎదురింటి ముసలామె పచ్చయమ్మ ఆ ఎముకలు చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో కడవులే, దేవుడా! రాజాంబాళ్ కనబడకుండా పోయిన నాటికి ఈ పిల్లకు మూడు నెలలు కూడా నిండలేదే!"

భారతమ్మ ఒళ్లు జల్లుమంది. కాంచనను ఒళ్లోకి తీసుకొని, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "అయితే... నీకెట్ల తెలిసిందమ్మా?"

"అమ్మే చెప్పింది," అనింది కాంచన. "కొత్తమ్మ వచ్చేదాకా తవ్వొద్దనింది."