పదిహేనో పేరు

మాస్టారితో కాపురమంటే ముప్పై నాలుగేళ్ళుగా గంట కొట్టని పీరియడ్ అని ఆయన భార్య అభిప్రాయం. పాలవాడి చీటీలో తప్పులుంటే దిద్ది వెనక్కి పంపే మనిషి. కూరలో ఉప్పు తగ్గితే తగ్గిందని అనరు, "ఇంకొంచెం కృషి అవసరం" అంటారు. భార్య ఏదైనా అడగబోతే, చెయ్యెత్తి అడిగితే బావుండునన్నట్టు చూస్తారు. ఊరంతా ఆవిణ్ణి మాస్టారమ్మ అని పిలుస్తారు. ఒక్కరోజు పాఠం చెప్పిన పాపాన పోకపోయినా ఆ బిరుదు మాత్రం వదల్లేదు.

మాస్టారికి తనలో తనకే అన్నిటికన్నా నచ్చిన గుణం ఒకటుంది. పిల్లల్ని ఊరి బడి మాన్పించి పట్నం బడిలో వేస్తామని ఎవరొచ్చి టీసీ అడిగినా ఆ పూటే రాసిచ్చేస్తారు. బతిమాలరు, రేపు రమ్మనరు, ఎందుకని అడగరు. ముత్యాల్లాంటి అక్షరాలు, చివర 'నడవడి చాలా మంచిది' అని ఒక మాట. వెళ్ళేవాళ్ళని పట్టుకుని వేలాడటం తన వల్ల కాదని ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకునేవారు. మాస్టారమ్మకూ అది గొప్పగానే ఉండేది. ఆ బడికి ఆయన ఒక్కరే టీచరు. ఆరేళ్ళలో ముప్పై ఎనిమిది టీసీలు అలా వెళ్ళిపోయాయి.

ముప్పై ఎనిమిదోది సొంత మనవరాలిది. ఏడాది కిందట కోడలు బడికొచ్చి అడిగింది, ఆయన రాసిచ్చారు. అక్కడ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఏడాదిపాటు కోడలితో సరిగ్గా మాట్లాడలేదు. ఆ లోటు మాస్టారమ్మ తీర్చింది. కోడలికి పట్నం దొరసాని అని పేరు పెట్టి, కుట్టుమిషను చప్పుడు ఆగినప్పుడల్లా ఓ చురక అంటించేది. ఊళ్ళో వాళ్ళ బట్టలు కుట్టే మనిషి కావడంతో ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కోడలు. అందువల్లనేమో, ఎదురు చెప్పేది కాదు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. పదిహేనుమంది లేని బడుల్ని మూసేసి పిల్లల్ని పక్క ఊరి బడిలో కలుపుతారట. గురువారం అధికారి స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతాడట. మాస్టారి బడిలో ఉన్నవి పద్నాలుగు తలలు.

మూడు రోజులు ఆయన ఇల్లిల్లూ తిరిగారు. టీసీలు పట్టుకెళ్ళిన వాళ్ళందరూ కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, ఎంతో మర్యాదగా గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఆయన దగ్గర నేర్చుకున్న మర్యాదే మరి.

గురువారం పొద్దున్నే కోడలు పాపకి జడలు వేస్తోంది. వీధి మలుపులో పట్నం బడి వ్యాను హారను కొట్టింది. మాస్టారు పాప పుస్తకాల సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నారు.

"ఇవాళ్టి నుంచి పాప వ్యాను ఎక్కదు. మన బడికి వస్తుంది."

పాల కేంద్రానికి బయల్దేరుతున్న కొడుకు ఎటూ చెప్పలేక చెప్పు పట్టీని పరీక్షించడం మొదలుపెట్టాడు. ముప్పై దాటినా తండ్రి ఎదుట వాడిది వెనక బెంచీయే.

"సంచీ ఇటివ్వండి మావయ్యా" అంది కోడలు.

"పదిహేనో పేరు ఇంట్లో పెట్టుకుని ఊరంతా అడుక్కు తిరిగాను. నీ మూలాన బడి మూతపడితే రేపు నేనెలా తలెత్తుకోవాలి?"

మాస్టారమ్మ అందుకుంది. కన్నబిడ్డని అంతంత దూరం తోలే తల్లిని ఎక్కడా చూడలేదంది. పెద్దాయన ఈ వయసులో గడపగడపా ఎక్కడానికి ఎవరు కారణమంది. ఏడాదిగా అలవాటైన పాఠం కాబట్టి తడుముకోనక్కర్లేకపోయింది.

కోడలు అంతా విని, మావగారి వైపే చూస్తూ అంది. "టీసీకి వచ్చిన రోజు మీ బల్ల ముందు అరగంట నిలబడ్డాను. ఎందుకమ్మా అని అడుగుతారని. మీరు పుట్టినతేదీ అడిగారు."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"ఇప్పుడు మాత్రం అడుగుతున్నారా, దెప్పుతున్నారా?"

హారను మరో రెండుసార్లు మోగి దూరమైంది. మాస్టారు పాప చెయ్యి పట్టుకుని, ఒక జడ అల్లి, రెండోది విరబోసుకుని ఉండగానే, వీధిలోకి నడిచారు. కోడలు దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూలబడింది. ఇంతకీ ఏం చెప్పాలని వెళ్ళావే అని మాస్టారమ్మ అడగలేదు. అడగకపోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన విద్య.

మధ్యాహ్నం తాతకీ మనవరాలికీ అన్నం క్యారేజీ పట్టుకుని ఆవిడ బడికి వెళ్ళింది. ఒకటే గది. అయిదు తరగతులకి అయిదు చాపలు. కిటికీ పక్కన బల్ల మీద మాస్టారు పైవాళ్ళకి పంపాల్సిన కాగితాలు నింపుతున్నారు. పిల్లల ఎత్తులు, బరువులు, మంచినీళ్ళ కుండీ కొలతలు, ఈ బడి ఉండి తీరాలనడానికి పన్నెండు కారణాలు. గది ఎంతో ప్రశాంతంగా ఉంది. ఎందుకంటే నల్లబల్ల ముందు పాప నిలబడి చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తోంది. మధ్యలో ఒకడి ముక్కు తుడిచింది, పలక మీద పోట్లాడుకుంటున్న ఇద్దర్ని విడదీసింది. నాలుగో చాప ఖాళీగా ఉంది. ఆ తరగతికి పాప ఒక్కతే.

అన్నం తిందువు రమ్మంటే, "రెండో ఎక్కం అవనీ నానమ్మా, మళ్ళీ మర్చిపోతారు" అంది.

ఇదివరకూ ఇలాగేనా అని అడిగింది మాస్టారమ్మ, ఏడాది ఆలస్యంగా. ఇలాగేనట. తన తరగతికి తనొక్కతే కాబట్టి, బాగా వచ్చు కాబట్టి, చిన్నవాళ్ళని చూసుకోమనేవారట. తాతయ్యకి తీరిక దొరికితే తనకీ చెప్పేవారట. దొరికేది కాదట. పట్నం బడిలో భాగహారం రాలేదని కిందితరగతి వాళ్ళతో కూర్చోబెడితే, అమ్మ మిషను పక్కన కూర్చోబెట్టుకుని రెండు నెలలు నేర్పిందట. తాతయ్యకి చెప్పకు, బాధపడతారు అందట.

మాస్టారమ్మ వరండాలోకి వచ్చి కోడలికి ఫోను చేసింది. మిషను ఆపేసి బడికి రమ్మంది. ఎందుకని కోడలు అడిగితే, రమ్మంటే రావే అని కసిరింది. గొంతులో కసురు తప్ప ఇంకేదీ వాడుకలో లేక.

అధికారి మూడింటికి వచ్చాడు. చిన్నవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. ఇలాంటి పనులకి మంచివాళ్ళనే పంపిస్తారు కాబోలు. తలలు లెక్కపెట్టాడు. పదిహేను. మాస్టారి మొహం వెలిగింది.

"నువ్వేం చదువుతున్నావమ్మా?" అని పాపని అడిగాడు.

"ఇక్కడ చదవనండీ. చెప్తాను."

పిల్లలు నవ్వారు. అధికారి కూడా నవ్వబోయి ఆగాడు. రిజిస్టరు తిరగేసి, ఈ పేరు ఇవాళే ఎక్కించారనీ, పట్నం బడి కాగితం లేదనీ, తల్లి సంతకమైనా పెడితే పదిహేను అని రాసుకుని పోతాననీ చెప్పాడు.

కోడలు అప్పటికే గుమ్మంలో ఉంది. మాస్టారు పెన్ను ఆమె వైపు చాచారు. ఆయన మూత తియ్యడం మర్చిపోవడం మాస్టారమ్మ చూసింది, కోడలూ చూసింది. ఏమనుకుందో ఏమో, పెన్ను అందుకుని రిజిస్టరు మీదికి వంగింది.

"పెట్టకమ్మా" అంది మాస్టారమ్మ. కోడల్ని అమ్మా అనడం ఏడాదిలో అదే మొదటిసారి. "ఏమండీ, పెట్టేముందు దాన్ని అడగండి. సరిగ్గా అడగండి."

మాస్టారు వినపడీ వినపడనట్టు, "ఎందుకమ్మా తీసుకెళ్ళావు?" అన్నారు.

కోడలు పాప వైపు చూసింది. మోచేతుల దాకా సుద్దపొడితో, సగం జడతో పాప ఇంకా నల్లబల్ల దగ్గరే నిలబడి ఉంది. మాస్టారు కూడా చూశారు. తర్వాత ఆయన కళ్ళు ఖాళీ చాప మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి.

కోడలి చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.

"పద్నాలుగే రాసుకోండి బాబూ" అన్నారు అధికారితో. తర్వాత కోడలి వైపు తిరిగారు. "ముప్పై ఎనిమిది మందిలో ఒక్కళ్ళనీ ఎందుకని అడగలేదమ్మా. అడిగితే ఏం చెప్తారో నాకు తెలుసు. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకుని, నిందేమో నీ మీద వేశాను. తప్పు నీది కాదు, నాది."